అమ్మ అన్న మాట, నెరేదా చెప్పిన మాట

విల్‌ఫ్రిదో ఫోను తెచ్చి నెరేదా ఒళ్లో పెట్టాడు. విసిరెయ్యలేదు. గాజుగిన్నె పెట్టినంత జాగ్రత్తగా పెట్టాడు. కోపం వచ్చినప్పుడు అతను ఇలాగే మెత్తబడిపోతాడని పన్నెండేళ్ల కాపురంలో ఆమెకి తెలిసిన సంగతే.

"చదువు," అన్నాడు. "పైకే చదువు. నాకు మీ భాష రాదుగా."

ఆదివారం పొద్దున్న ఎనిమిది. పదకొండింటికి తొమ్మిదిమంది రావాలి. మగ్గం చూస్తారు, రంగులు కాచడం చూస్తారు, మధ్యాహ్నం ఇక్కడే భోంచేసి వెళతారు. ఆ తొమ్మిదిమందిలో ఆరుగురు రావడం లేదని అప్పటికే కబురు పెట్టారు. కారణం ఒకామె మాత్రమే రాసింది. ఇష్టంలేని ముసలావిణ్ణి కూర్చోబెట్టి ఆడించే ఇంటికి రావడానికి తనకి మనసొప్పడం లేదట.

నెరేదా ఫోను చేతిలోకి తీసుకుంది. అందులో ఉన్నది జూన్‌లో తీసిన వీడియో. నార్వే నుంచి వచ్చిన ఆకుపచ్చకోటు ఆవిడ తీసింది. అమ్మ మగ్గం ముందు కూర్చుని కండె అటూ ఇటూ విసురుతూ ఊరి భాషలో ఏదో చెబుతోంది. అమ్మ ఆగగానే పక్కన నిలబడ్డ నెరేదా, పువ్వుల జాకెట్టు వేసుకుని, నవ్వుతూ, స్పానిష్‌లోకి మార్చి చెబుతోంది. ఈ ఎరుపు మా అమ్మ చేతి నుంచి నా చేతికి వచ్చింది, మీలాంటివాళ్లు ఇంత దూరం నుంచి వచ్చి చూస్తుంటే ఆవిడ మళ్లీ నా పక్కన కూర్చున్నట్టుంది, అని అమ్మ అంటోందట.

నాలుగు నెలలు ఆ వీడియోని పట్టించుకున్నవాళ్లు లేరు. నిన్న మధ్యాహ్నం ఎవరో దాని కింద, అమ్మ అసలు ఏమందో మాటకి మాట రాసిపెట్టారు. ఇంగ్లీషులో ఒకసారి, స్పానిష్‌లో ఒకసారి. ఇప్పుడది ఏ దేశంలో ఎంతమంది చూశారో లెక్క తెలియడం లేదు.

"చదవమన్నాను."

"నువ్వు చదివావుగా."

"నీ నోట వినాలి. నాలుగేళ్లుగా నీ నోటితోనేగా వింటున్నాను."

నెరేదా చదివింది. బళ్లో పిల్ల పాఠం చదివినట్టు చదివింది.

'సిరిలా, ఇదిగో, ఈ ఆకుపచ్చకోటు మనిషి బూట్లతో అమ్మ చాపమీద నిలబడింది. అమ్మ పోయిన గదిలో ఎవరెవరో పడుకుంటున్నారు. రోజుకి రెండుసార్లు నన్ను ఇక్కడ కూర్చోబెట్టి చూపిస్తున్నారు. అల్లుడు గుమ్మంలో నిలబడి మేకల్ని తోలేవాడిలా తలలు లెక్కపెట్టుకుంటాడు. చెల్లీ, ఆ రోజు నిన్ను ఇక రావద్దన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎక్కడున్నావో తెలీదు. ఎక్కడున్నా వచ్చెయ్.'

విల్‌ఫ్రిదో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. అతనిది ప్వేబ్లా, స్పానిష్ మాట్లాడే పట్నం. సందర్శకుల వ్యాను నడుపుతూ ఈ ఊరొచ్చి, ఇక్కడే పెళ్లిచేసుకుని ఉండిపోయాడు. ఊరి భాషలో అతనికి వచ్చినవి నాలుగు ముక్కలు. దండం, నీళ్లు, చాలు, కుక్క. నేర్చుకోమని ఎవరూ అనలేదు, నేర్చుకుంటానని అతనూ అనలేదు.

"మేకలు," అన్నాడు.

"కోపంలో అనుంటుంది."

"ఒక్కరోజు కోపమా? రోజూనా?"

నెరేదా ఫోను బోర్లించి పెట్టింది. రోజూనే. ఈ నాలుగేళ్లలో అమ్మ మగ్గం ముందు కూర్చుని ఎరుపు గురించిగానీ, అమ్మమ్మ గురించిగానీ మాట్లాడిన రోజులు వేళ్లమీద లెక్కపెట్టచ్చు. అవన్నీ మొదటి సంవత్సరంలోనివే. తర్వాత తర్వాత ఆవిడ వచ్చినవాళ్ల ముఖంలోకి చూస్తూ నోటికొచ్చింది అనడం మొదలుపెట్టింది. ఒకరోజు తన మోకాళ్ల నొప్పి గురించి, ఒకరోజు వచ్చినవాళ్ల చెమట వాసన గురించి. గత ఏడాదిగా అన్నీ సిరిలాకే. చెల్లీ ఇది చూడు, చెల్లీ అది చూడు అని. నెరేదా నవ్వు చెదరనివ్వకుండా వింటుంది, వచ్చినవాళ్లవైపు తిరుగుతుంది, ఎరుపు గురించి చెబుతుంది. ఏం మాట్లాడుతోందో ఏ ఫోనుకీ అర్థం కాదన్నది ఆమె ధైర్యం. వచ్చినవాళ్లు చెవి దగ్గర పెట్టుకునే ఆ అనువాదం పెట్టెలన్నీ ప్రపంచంలో భాషలన్నీ చెబుతాయిగానీ, ఈ లోయలో నాలుగు ఊళ్లవాళ్లు మాట్లాడే మాట వాటికి అంతుపట్టదు.

"అన్నం పెట్టిన చేత్తోనే," అన్నాడు విల్‌ఫ్రిదో, "నా ఎదురుగా కూర్చుని, నా పళ్లెంలో రొట్టె వేస్తూ, ఏమేం అనేదో ఇప్పుడు నేను ప్రపంచంలో అందరితోపాటు తెలుసుకోవాలి. నువ్వు మాత్రం పక్కన కూర్చుని నవ్వేదానివి."

"ఏం చెప్పమంటావు? మా అమ్మ నిన్ను తిడుతోందని రోజూ చెప్పమంటావా?"

"ఒక్కరోజు చెప్పుండాల్సింది."

అతను లేచి వాకిట్లోకి పోయాడు. వ్యాను తలుపు తెరిచిన చప్పుడు, మళ్లీ వేసిన చప్పుడు వినిపించాయి. ఎక్కడికీ వెళ్లలేదు.

*

వంటింట్లో ఎపిఫానియా మోకాళ్లమీద కూర్చుని సన్నికల్లుమీద రంగు కోసం ఎర్రపురుగులు నూరుతోంది. నాగజెముడు ఆకులమీంచి గీకి ఎండబెట్టిన పురుగులు అవి, చూడ్డానికి బూడిదరంగు గింజల్లా ఉంటాయి. నూరితే మాత్రం చేతులు మణికట్టుదాకా ఎర్రబడతాయి. అరవై ఏడేళ్ల మనిషి. వీపు ఇంకా నిటారుగానే ఉంది.

నెరేదా గుమ్మంలో నిలబడింది. తల్లి తలెత్తలేదు. రాయి మీద రాయి కదులుతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు.

పొయ్యిమీద జావ పొంగబోతుంటే నెరేదా వెళ్లి దించింది. దించి, గుడ్డతో అంచు తుడిచి, మళ్లీ అక్కడే నిలబడింది. 

చివరికి తనే మొదలుపెట్టింది. ఆరుగురు రావడం లేదంది. బుకింగులు చూసే కంపెనీవాళ్లు, విచారణ అయ్యేదాకా మన ఇంటి పేరు పక్కన పెడతామని రాశారంది. నాలుగేళ్లు కష్టపడి నిలబెట్టుకున్నది ఒక్క పూటలో కూలిపోయిందంది. ఈ ఊళ్లో ఎంతమంది దుప్పట్లు నేసి మధ్యవర్తుల చేతిలో పెట్టి వాళ్లు ఇచ్చినంత పుచ్చుకుంటున్నారో అమ్మకి తెలియదా అంది. ఆకాశం కనిపించే ఇంటికి కప్పు వేయించింది ఆ వచ్చినవాళ్లేనంది.

తల్లి నూరుతూనే ఉంది.

"నీ కంటికి ఆపరేషన్ అయింది వాళ్లవల్ల కాదా?" అంది నెరేదా.

రాయి ఆగింది.

"కన్ను బాగుపడబట్టే ఇవన్నీ చూడాల్సొస్తోంది," అంది ఎపిఫానియా.

ఆవిడ ఎర్రటి చేతులు ఒళ్లో పెట్టుకుని కూతురివైపు చూసింది. ఆ చూపులో కోపం లేకపోవడం నెరేదాని ఎక్కువ కంగారుపెట్టింది. ఏదో తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది, అంతే.

"అది రాసినవాళ్లెవరు?"

"నాకేం తెలుసు. ఎవరో."

"మన మాట వచ్చినవాళ్లే అయ్యుండాలిగా. ఎక్కడినుంచి రాశారు?"

"లాస్ ఏంజెలెస్ అని ఉంది."

ఎపిఫానియా గట్టిగా ఊపిరి పీల్చుకుంది. మళ్లీ రాయి అందుకుంది కానీ నూరలేదు.

"అందిందన్నమాట," అంది.

నెరేదా అప్పుడు కింద కూలబడింది. ఏడాదిగా తను విన్నదంతా ఒక ముసలామె చాదస్తం అనుకుంది. ఎదురుగా ఉన్నవాళ్ల ఫోన్లలోకి సూటిగా చూస్తూ మాట్లాడుతుంటే, అమ్మకి కెమెరా అలవాటయిందని మురిసిపోయింది కూడా. ఉత్తరం రాసి సీసాలో పెట్టి ఏట్లో వదిలినట్టు, వచ్చిన ప్రతివాడి ఫోన్లోనూ అమ్మ ఒక కబురు పెట్టి పంపుతోందని తట్టనే లేదు. ఏదో ఒకటి చేరకపోదని అమ్మ అనుకుంది. చేరింది.

"నన్నడిగితే నేను..." అని నెరేదా ఆగిపోయింది.

"నువ్వు?"

ఆ ప్రశ్నకి ఆమె దగ్గర జవాబు ఉంది. అందుకే చెప్పలేదు.

"నీ ఎదురుగానే అన్నాను, అమ్మాయ్," అంది తల్లి. "దొంగచాటుగా అనలేదు. నువ్వు విన్నావు. విని వాళ్లవైపు తిరిగి ఎరుపు అన్నావు."

*

సిరిలా ఎపిఫానియాకి ఒక్కగానొక్క చెల్లెలు. ముప్పై ఏళ్ల కిందట సరిహద్దు దాటి లాస్ ఏంజెలెస్ వైపు పోయింది. ఆమెకి అక్కడ కాగితాలు లేవు. వస్తే మళ్లీ వెళ్లడానికి లేదు. అందుకని తల్లి చావుబతుకుల్లో ఉన్నప్పుడు కూడా రాలేదు. మంచంపట్టిన తల్లిని నలభై రోజులు చూసుకుని, నలభయ్యొకటో రోజున మట్టిలో పెట్టి వచ్చి, ఎపిఫానియా ఫోనులో ఇక నువ్వు ఎప్పటికీ రానక్కర్లేదంది. ఆ తర్వాత పదకొండేళ్లు ఆ పేరు ఇంట్లో వినిపించలేదు. వినిపించకూడదని ఆవిడే ఆంక్ష పెట్టింది. పెట్టిన ఆంక్షని ఎవరి ముందూ తీయలేక, చివరికి ఊరూ పేరూ తెలియనివాళ్ల ముందు తీసింది.

ఇదంతా ఊరందరికీ తెలిసిందే. ఊళ్లో ఎవరికీ తెలియనిది ఒకటుంది. నెరేదా ఫోనులో 'రంగుల కొట్టు' అన్న పేరుతో ఒక నంబరు ఉంది. అది రంగుల కొట్టు నంబరు కాదు.

*

పదింటికి గాలి తిరిగింది.

మొదట ఒక కబురు వచ్చింది. తర్వాత ఒకేసారి నాలుగు. ఫోను బల్లమీద బొంగరంలా తిరగడం మొదలుపెట్టింది. విల్‌ఫ్రిదో నిలబడే చదివాడు, కూర్చుని మళ్లీ చదివాడు. ముఖంలో ఒక్కొక్క ముడీ విడిపోవడం నెరేదా చూస్తూనే ఉంది.

మొక్కుబడి కబుర్లు విని విసిగిపోయామని ఒకరు రాశారు. ఆ పెద్దావిడ నిజంగా ఏమంటుందో మా చెవులతో వినాలని ఉంది, అక్షరం మార్చకుండా చెప్పగలిగితే వస్తామని మరొకరు. మాంట్రియల్ నుంచి ఒక జంట, మమ్మల్ని కూడా తిడుతుందా అని అడిగి పక్కన నవ్వుతున్న బొమ్మ పెట్టారు. పక్కన పెడతామన్న కంపెనీయే, మీ పేజీకి ఇంతమంది రావడం ఇదే మొదటిసారి, ఒకసారి మాట్లాడదామని రాసింది.

"పదిహేడుమంది," అన్నాడు విల్‌ఫ్రిదో. "ఈ వారానికే."

నెరేదా తల అడ్డంగా ఊపింది.

"ఇందులో తప్పేముంది చెప్పు. నువ్విక అబద్ధం చెప్పక్కర్లేదు. ఆవిడ ఏమంటే అదే చెప్పు. ఇద్దరికీ బరువు దిగుతుంది."

"పొద్దున్న మేకలన్నందుకు ముఖం మాడ్చుకున్నావు."

"మాడ్చుకున్నాను. మేకలేగా, పోనీ." అతను నవ్వబోయాడు. "దాన్నే ముందు పెడదాం. మేకల కాపరి అల్లుడని. జనం నవ్వుకుంటారు."

నెరేదా ముఖం తిప్పుకుంది. అయితే తిప్పుకోవడానికి ముందే, ఒక్క క్షణం, పదిహేడుమందికి కుర్చీలు ఎక్కడినుంచి తేవాలా అని మనసులో లెక్క వేసుకుంది. ఆ క్షణాన్ని ఆమె తర్వాత మర్చిపోదామని చూసింది, కుదరలేదు.

విల్‌ఫ్రిదో ఆగలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని మగ్గం దగ్గరికి వెళ్లాడు. ఎపిఫానియా అప్పటికే చేతులు కడుక్కుని నేతలో కూర్చుంది. ఆవిడకి స్పానిష్ బాగానే వచ్చు. సంతలో బేరమాడటానికి వాడుతుంది. ఇంట్లో, అందులోనూ వచ్చినవాళ్ల ముందు, ఏనాడూ నోట రానివ్వదు.

అతను మర్యాదగా మాట్లాడాడు. జరిగిందేదో జరిగిపోయిందన్నాడు. తను మనసులో ఏమీ పెట్టుకోలేదన్నాడు. ఈసారి వచ్చేవాళ్లు ఆవిడ మాట వినడానికే వస్తున్నారని చెప్పాడు.

"మీకు ఏమనిపిస్తే అది అనండి, అత్తయ్యా. నన్ను అనండి, వాళ్లని అనండి. ఎంత తిడితే అంత మంచిది."

మగ్గం ఆగింది. ఎపిఫానియా కండె పక్కన పెట్టింది. అల్లుణ్ణి చూడలేదు, సగం నేసిన దుప్పటిని చూసింది. అందులో ఎరుపు ఒక బెత్తెడు మేర వచ్చింది, మిగతాదంతా ఇంకా దారాలే. ఆవిడ ఆ దారాలమీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

 విల్‌ఫ్రిదో టోపీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. అవతల అద్దెగదిలో ట్రెవర్ కంప్యూటర్‌లో ఎవరితోనో మాట్లాడుతున్న మాటలు గోడదాటి వినిపిస్తున్నాయి. డెన్వర్ నుంచి వచ్చినతను. మూడు నెలలకని ఆ గది తీసుకుని, అక్కడినుంచే ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆదివారం కూడా. మంచి మనిషే. ఇప్పుడు మగ్గం ముందు పరిచిన అమ్మమ్మ చాప, అతను మంచం వేసుకున్న చోటే ఉండేది.

*

బల్లమీద నెరేదా ఫోను మళ్లీ మోగింది. ఈసారి కబురు కాదు, పిలుపు.

నెరేదా దూరం నుంచే పేరు చూసింది. రంగుల కొట్టు. ఫోను ఎత్తలేదు. ఆగి మళ్లీ మోగింది.

"ఎవరు?" అంది తల్లి.

"రంగుల కొట్టు. తర్వాత మాట్లాడతాలే."

"ఆదివారం రంగుల కొట్టు తియ్యరు."

మూడోసారి మోగేసరికి విల్‌ఫ్రిదో అందుకున్నాడు. ఆదివారం ఆ కొట్టువాళ్లకి అంత తొందరేమిటో అనుకున్నాడు. అందరికీ వినిపించేలా పెట్టి, మర్యాదగా ఎవరండీ అన్నాడు. అవతల ఒక ఆడగొంతు, వయసు మీదపడ్డ గొంతు, ఊరి భాషలో ఏదో అంది. అతనికి ఒక్క ముక్కా తెలియలేదు. ఫోను తీసుకెళ్లి అత్తగారి చేతిలో పెట్టాడు.

"మీ మాటే," అన్నాడు.

"అక్కా," అంది ఫోను.

ఎపిఫానియా ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది. నాలుగేళ్లుగా కొన్ని వందల ఫోన్ల ముందు తడుముకోకుండా మాట్లాడిన మనిషి. ఈ ఒక్క ఫోను ముందు ఆవిడకి మాట రాలేదు. 

సిరిలానే మాట్లాడింది. మనవరాలు జోసెలిన్ ఫోను చూసుకుంటుంటే పక్కగదిలోంచి అక్క గొంతు వినబడిందట. ఆరబెట్టిన బట్టలు మడుస్తోందట. బట్టలు చేతిలోంచి జారిపోయాయట. ఆ వీడియో పదిసార్లు పెట్టించుకుని విందట. మనవరాలికి ఒక్కొక్క మాటా తనే విప్పి చెప్పిందట, అది రాసి పెట్టిందట. ఇంత గొడవవుతుందని ఇద్దరికీ తెలియదట.

"ముప్పై ఏళ్లు హోటళ్లలో ఊరుకాని ఊరివాళ్ల పక్కలు సర్దాను," అంది సిరిలా. "నడుం పోయింది. ఇక ఎవరి పక్కా సర్దలేను. నాలుగేళ్ల కిందటే వచ్చేద్దామనుకున్నాను, అక్కా. నెరేదా నంబరు పట్టుకుని రెండుసార్లు ఫోన్ చేశాను. రావద్దు పిన్నీ, నీ పేరెత్తితేనే అమ్మ మంచం పడుతోంది అంది. అమ్మమ్మ గది కూడా ఖాళీ లేదంది. అది నీ మాటే అనుకున్నాను. నువ్వే చెప్పించావనుకున్నాను."

ఎపిఫానియా తల తిప్పి కూతుర్ని చూసింది.

నెరేదా గోడకి ఆనుకుంది. విల్‌ఫ్రిదో ఒకసారి భార్యనీ, ఒకసారి అత్తగారినీ చూశాడు. ఏదో విరిగిందని అతనికి అర్థమైంది. ఏది విరిగిందో అర్థంకాలేదు.

"బుధవారం పొద్దున్నకి ఊళ్లో దిగుతాను," అంది సిరిలా. "టిక్కెట్టు తీసేశాను. మళ్లీ వెళ్లేది లేదు. నాకు అమ్మ గది ఒక్కటి చాలు. ఏమంటావు?"

"రా," అంది ఎపిఫానియా.

ఆ ఒక్క మాటే అని ఫోను మగ్గంమీద పెట్టేసింది. అవతల సిరిలా ఏడుస్తున్నట్టుంది. కాసేపటికి అది కూడా ఆగిపోయింది.

*

నెరేదా మాట్లాడటం మొదలుపెట్టింది. ఎవరూ అడగలేదు, అయినా చెప్పింది. నాలుగేళ్ల కిందట వానలకి గోడ కూలిందని, గది బాగుచేయించి అద్దెకి ఇస్తే తప్ప గడవదనిపించిందని, అప్పుడే పిన్ని ఫోన్ చేసిందని చెప్పింది. ఒక్క ఏడాది ఆగితే తనే చెప్పేసేదాన్నంది. తర్వాత ఏడాది చెప్పడం ఇంకా కష్టమైపోయిందంది.

"నువ్వే కదమ్మా ఆ పేరు ఎత్తద్దన్నావు. నీ మాటే చెప్పాను."

"చెప్పావు," అంది ఎపిఫానియా. "నేనన్నవన్నీ మార్చి చెప్పావు. అదొక్కటే ఉన్నదున్నట్టు చెప్పావు."

ఆవిడ లేచింది. మోకాలు పట్టేసినట్టుంది, మగ్గం కొయ్య పట్టుకుని నిలదొక్కుకుంది. నెరేదా చెయ్యి అందించబోతే ఆ చేతిని పక్కకి జరిపింది. నెట్టలేదు, దారిలో ఉన్న కుర్చీని జరిపినట్టు జరిపింది. వాకిలి దాటి అవతల గది తలుపు తోసింది.

ట్రెవర్ చెవుల్లోంచి తీగలు తీసి నవ్వుతూ లేచాడు. నేర్చుకున్న రెండు ముక్కల్లో ఒకటి అన్నాడు. దండం అందామనుకున్నాడు. నీళ్లు అన్నాడు.

ఎపిఫానియా అతని పక్కబట్ట తీసి మడత పెట్టింది. ఆవిడ మడత పెట్టే తీరు చూస్తే అతిథికి పక్క మారుస్తోందనే ఎవరైనా అనుకుంటారు. తెచ్చి వాకిట్లో ఎండలో కుర్చీమీద పెట్టింది. మళ్లీ లోపలికి వెళ్లి దండెంమీది చొక్కాలు తెచ్చింది. మళ్లీ వెళ్లి బూట్లు తెచ్చి, జతకి జత, కుర్చీ కింద సర్దింది. ఆవిడ మూడోసారి లోపలికి వెళ్లేసరికి ట్రెవర్ నవ్వు ఆగిపోయింది. కంప్యూటర్ చంకలో పెట్టుకుని బయటికి వచ్చాడు.

విల్‌ఫ్రిదో గబగబా వచ్చి అత్తగారికి ఎదురు నిలబడ్డాడు. ఆ గది అద్దె గడువు ఇంకా ఏడు వారాలు ఉందని, ఇలా చేస్తే ఆ పదిహేడుమంది కూడా పోతారని స్పానిష్‌లో ఒకదానిమీద ఒకటి చెప్పుకుపోయాడు. ఆవిడ అతని పక్కనుంచి తప్పుకుని వెళ్లి, దిండు తెచ్చి బట్టలమీద పెట్టింది.

అప్పుడు వాకిలి మధ్యలో నిలబడి ఒక మాట అంది. మెల్లగా అంది. ఊరి భాషలోనే.

ట్రెవర్ అలవాటు ప్రకారం ఫోను ముందుకు చాపాడు. ఆ పెట్టె కాసేపు ఆలోచించి, ఈ భాష తెలియలేదని రాసింది. అతను నెరేదావైపు చూశాడు. విల్‌ఫ్రిదో కూడా చూశాడు.

"ఏమంటోంది?" అన్నాడు.

వాళ్ల భాషలో ఒకడిని పిలిచే మాట వేరు, నలుగురిని కలిపి పిలిచే మాట వేరు. అమ్మ అన్నది రెండోది. బుధవారంలోపల మీరందరూ ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలంది. వాకిట్లో ఉన్న అద్దెమనిషి ఒక్కడే. అమ్మ చూపు అతనితో ఆగలేదు. అతని మీంచి విల్‌ఫ్రిదో మీదికి, అక్కడినుంచి తనమీదికి వచ్చి నిలబడింది.

నెరేదా గొంతు సవరించుకుంది. నాలుగేళ్లలో కొన్ని వందలసార్లు ఇలాగే సవరించుకుంది.

"గది ఖాళీ చెయ్యమంటోంది, ట్రెవర్. మా పిన్ని వస్తోంది. మీకు వేరే చోటు మేమే చూస్తాం."

ట్రెవర్ తల ఊపాడు. అర్థం చేసుకోగలనన్నాడు. విల్‌ఫ్రిదో మాత్రం భార్య ముఖంలోంచి చూపు తిప్పలేదు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే."

ఎపిఫానియా కూతురి వైపు చూస్తూ ఉండిపోయింది.  వీధిలో ఏదో బండి వచ్చి ఆగింది, తలుపులు తీస్తున్న చప్పుడైంది. పదకొండయినట్టుంది. మానుకోని ముగ్గురూ వచ్చినట్టున్నారు.

ముసలావిడ అల్లుడివైపు తిరిగింది. ఇంటికి వచ్చినవాళ్ల ముందు ఏనాడూ వాడని స్పానిష్‌లో, సంతలో ధర చెప్పినంత స్పష్టంగా చెప్పింది.

"అంతే కాదు. అందరూ. మీ ఇద్దరూ కూడా."

ఈసారి ట్రెవర్ చేతిలోని ఫోనుకి ఆ మాట తెలిసింది. అడగకుండానే దాన్ని అతని భాషలోకి మార్చి, తీయని ఆడగొంతుతో, వాకిలంతా వినబడేలా చదివింది.